రోమ్‌లో వంటిల్లు ఎక్కడ?

వీసా ఫారం నింపుతూ మా అమ్మాయి, "అమ్మా, ఉద్యోగం దగ్గర ఏం రాయను?" అంది. "హౌస్‌వైఫ్ అని రాసెయ్" అన్నాను. వాళ్ళ నాన్న గడి నింపడానికి కంపెనీ పేరు, చిరునామా, జీతం కాగితాలు, సెలవు ఇస్తున్నామన్న ఉత్తరం అన్నీ కావాల్సి వచ్చాయి. నా గడికి ఒక్క మాట సరిపోయింది. ఇరవై రెండేళ్ళ పనికి ఒక్క కాగితమైనా జతచెయ్యక్కర్లేదు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ గడి నాతోపాటే రోమ్ దాకా వచ్చింది.

మావారికి మిలాన్‌లో నాలుగు రోజుల ఆఫీసు పని పడింది. ఇంత దూరం వచ్చి రోమ్ చూడకుండా ఎలా వెళ్తామని మరో అయిదు రోజులు కలుపుకున్నాం. మిలాన్ నుంచి రోమ్‌కి రైల్లో మూడు గంటల ప్రయాణం. దారిలో మా అమ్మాయి గైడు పుస్తకం చదువుతూ కూర్చుంది. ఆగస్టస్, నీరో, వెస్పేసియన్, ట్రాజన్, హేడ్రియన్... ఒక్కొక్కరి పేరూ చదివి చివరికి పుస్తకం మూసేసింది.

"అందరూ మగవాళ్ళేనమ్మా. ఆడవాళ్ళలో నాకు తెలిసింది క్లియోపాత్రా ఒక్కతే. ఆవిడ కూడా ఈజిప్టు రాణి!"

"అప్పట్లోనే పది లక్షలమంది ఉన్న ఊరన్నావుగా. అంతమందికీ అన్నం ఎవరు వండిపెట్టారో ఆ పుస్తకంలో ఉందేమో చూడు" అన్నాను.

లేదు. మావారు నవ్వి, "అయితే మీ ఇద్దరూ కలిసి రోమ్‌లో వంటిల్లు వెతకండి, నేను ఫొటోలు తీస్తాను" అన్నారు. వేళాకోళానికే అన్నారు గానీ, మేం నిజంగానే ఆ పని చేశాం. ఆ అయిదు రోజుల్లో దొరికినవే ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళు

స్టేషన్ బయటికి రాగానే మాకు ఎదురైంది రాజుల విగ్రహం కాదు, వీధి పంపు. నడుమెత్తు ఇనుప స్తంభం, దానికి వంపు తిరిగిన గొట్టం. రోమ్ వాళ్ళు దాన్ని "నాసోనే" అంటారు, అంటే పెద్ద ముక్కు. 1874 నుంచి పెట్టడం మొదలుపెట్టిన ఇలాంటి పంపులు ఊళ్ళో ఇప్పుడు దాదాపు 2,500 ఉన్నాయి. రాత్రీ పగలూ చల్లటి మంచినీళ్ళు పారుతూనే ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. అప్పటికే నీళ్ళ సీసా కొనేసిన మావారు ఆ తర్వాత అయిదు రోజులూ ఆ సీసానే నింపుకుని తిరిగారు. రోమ్ వెళ్ళే వాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే: ఇంటి నుంచి ఒక ఖాళీ సీసా, నాపరాళ్ళలాంటి ఎగుడుదిగుడు రాళ్ళ వీధుల్లో నడవడానికి మెత్తటి బూట్లు మర్చిపోకండి.

ఈ ఊరికి నీళ్ళు కొండల మీద నుంచి వచ్చేవి. క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి మొదటి కాలువ కట్టించాడు. క్రీ.శ. 226 నాటికి అవి పదకొండు అయ్యాయి. మోటారు లేదు, కరెంటు లేదు. పదుల మైళ్ళ దూరం నేలకింద సొరంగంగానో, పల్లం వచ్చినచోట కమానుల మీదనో, కొంచెం కొంచెం వాలుతో నీటిని నడిపించారు. వీటినే అక్విడక్టులు అంటారు.

క్రీ.శ. 97లో ఈ నీటి సరఫరాకి అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ అనే ఆయన దానిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. అందులో ఆయన ఫిర్యాదు ఏమిటంటే, జనం దొంగతనంగా గొట్టాలకి కన్నాలు పొడిచి నీళ్ళు లాగేసుకుంటున్నారని, కింది ఉద్యోగులు డబ్బు తిని చూసీచూడనట్టు పోతున్నారని! కుళాయికి మోటారు బిగించి పక్కింటి నీళ్ళు కూడా లాగేసే వాళ్ళని చూసిన మనకి ఇందులో ఆశ్చర్యం ఏముంది చెప్పండి.

ఆయన లెక్క ప్రకారం ఊళ్ళో వీధి నీళ్ళ తొట్లు దాదాపు 600. ఇంటిదాకా నీటి గొట్టం రావాలంటే చక్రవర్తి అనుమతి కావాలి, అది గొప్పవాళ్ళకే దొరికేది. మిగిలినవాళ్ళంతా వీధి తొట్టి దగ్గరికి వచ్చి మోసుకెళ్ళాల్సిందే. కమానులు కట్టిన రాజుల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. ఆ చివరి నాలుగు వీధులూ, ఆ నాలుగు అంతస్తుల మెట్లూ కుండ మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ఒక్క చోట మాత్రం ఒక పిల్ల కనిపించింది. అందరూ వెనక్కి తిరిగి నాణెం విసిరే ట్రెవీ ఫౌంటెన్ గోడ మీద, పైన కుడివైపు చూడండి. దాహంతో ఉన్న సైనికులకి ఒక అమ్మాయి ఊట చూపిస్తున్నట్టు చెక్కి ఉంటుంది. క్రీ.పూ. 19లో అగ్రిప్ప కట్టించిన కాలువకి ఆ కన్యపిల్ల కథ వల్లనే "అక్వా విర్గో" అన్న పేరు వచ్చిందని చెబుతారు. 1762లో పూర్తయిన ట్రెవీ ఫౌంటెన్‌కి ఆ కాలువే ఆధారం. రెండువేల ఏళ్ళ కిందటి కాలువ! మా అమ్మాయి నాణెం విసరడం మానేసి ఆ పిల్ల ఫొటో తీసుకుంది.

ఈ నీళ్ళు ఆగిపోయిన రోజు కూడా ఒకటుంది. క్రీ.శ. 537లో రోమ్‌ని ముట్టడించిన గోతులు కాలువలన్నిటినీ తెగ్గొట్టారు. ఊరు చిక్కిపోవడానికి అదొక్కటే కారణం కాదు. యుద్ధాలు, తెగుళ్ళు, పరదేశాల నుంచి ధాన్యం రాక ఆగిపోవడం, అన్నీ కలిశాయి. కానీ నీళ్ళు లేని కొండల మీద ఎవరుంటారు? జనం కొండలు దిగి నది వంపు దగ్గరికి చేరారు. పది లక్షల ఊరు కొన్ని వేలకి పడిపోయింది. చక్రవర్తులు ఊరేగిన ఫోరమ్‌లో ఆవులు మేశాయి. ఆ చోటికి వందల ఏళ్ళపాటు "ఆవుల బయలు" అన్న పేరే ఉండేది. మళ్ళీ పోపులు పాత కాలువలు బాగుచేయించాకే ఊరు కోలుకుంది. కత్తులతో గెలిచిన ఊరు కదా అనుకుంటాం. బిందె నిండినంత కాలమే నిలబడిందన్నది నాకు అక్కడే తెలిసింది.

నిప్పు

ఆవులు మేసిన ఆ ఫోరమ్ ఇప్పుడు విరిగిన స్తంభాల మైదానం. కొలోసియం, ఫోరమ్, దాని పక్కనే ఉన్న పాలటైన్ కొండ మూడింటికీ కలిపి ఒకే టికెట్టు. ఎండ ఎక్కకముందే వెళ్ళడం మంచిది, నీడ తక్కువ. ఆ స్తంభాల మధ్య గుండ్రంగా కట్టిన ఒక చిన్న గుడి ముక్క నిలబడి ఉంటుంది. అది వెస్టా దేవత గుడి. ఆ గుడిలో విగ్రహం లేదు. ఉన్నది పొయ్యి.

అవును, పొయ్యే. రాజ్యానికంతటికీ ఒక్క పొయ్యి. అందులో నిప్పు ఆరకూడదు. మా అమ్మమ్మ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు పొద్దున్నే పిడక పట్టుకుని పక్కింటికి నిప్పు కోసం వెళ్ళేవాళ్ళట. ఎవరింట్లో నివురు కింద నిప్పు ఉంటే వాళ్ళదే ఆ రోజుకి పెద్ద దిక్కు. అగ్గిపెట్టె లేని కాలంలో నిప్పు కాపాడటం ఇంటి ఆడపిల్లల పని. రోమ్ ఆ పనినే రాజ్యధర్మం చేసింది.

ఆ నిప్పుని చూసుకునేందుకు ఆరుగురు కన్యలు ఉండేవారు. ఆరు నుంచి పదేళ్ళ లోపు పిల్లలని ఎంచుకునేవారు. మొత్తం ముప్ఫై ఏళ్ళ కొలువు: మొదటి పదేళ్ళు నేర్చుకోవడం, తర్వాత పదేళ్ళు చెయ్యడం, చివరి పదేళ్ళు కొత్తపిల్లలకి నేర్పడం. ఊటనుంచి స్వయంగా నీళ్ళు తేవాలి, గుడి కడగాలి, బలులకి వాడే పిండిని ఉప్పు కలిపి తయారుచెయ్యాలి. ఇదంతా చదువుతుంటే ఇంటిపనుల జాబితా చదివినట్టే ఉంది నాకు.

అందుకు ప్రతిఫలంగా మిగతా రోమన్ స్త్రీలకి లేని హక్కులు వాళ్ళకి ఉండేవి. తండ్రి అధికారం నుంచి విడుదల, సొంత ఆస్తి, వీలునామా రాసే హక్కు. ఉరికంబానికి నడిపించుకుపోతున్న ఖైదీకి దారిలో వీళ్ళు అనుకోకుండా ఎదురైతే అతని ప్రాణం దక్కేది. మరోవైపు, నిప్పు ఆరిపోతే కొరడాదెబ్బలు. శీలం తప్పిందని తేలితే ప్రాణంతో భూమిలో పూడ్చేవారు. ఊరు ఓడిపోయినా, తెగులు వచ్చినా ముందు అనుమానం ఈ పిల్లల మీదకే వెళ్ళిన సందర్భాలున్నాయి. గౌరవమూ, భయమూ ఒకే గడపలో.

క్రీ.శ. 394లో, క్రైస్తవం రాజ్యమతమయ్యాక, ఆ నిప్పు ఆర్పేశారు. గుడి వెనకాల వాళ్ళు నివసించిన ఇల్లు, మధ్యలో నీటి తొట్లు, చుట్టూ వాళ్ళలో పెద్దవాళ్ళ విగ్రహాలు మిగిలాయి. అందులో ఒక పీఠం మీద ఆవిడ గుణగణాలన్నీ పొగుడుతూ రాశారు గానీ పేరు మాత్రం చెక్కేసి ఉంది. మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ఆవిడ క్రైస్తవంలోకి వెళ్ళిందేమో, అందుకే చెరిపేశారేమో అని పండితుల ఊహ. మా అమ్మాయి ఆ రాయి ముందు చాలాసేపు నిలబడింది.

మిరియాలు

ఫోరమ్ పక్కనే మూడు పెద్ద కమానులతో ఒక శిథిల భవనం ఉంది, మాక్సెంటియస్ బసిలికా అంటారు. దాని అడుగున అంతకుముందు ఒక గోదాము ఉండేది. పేరే "మిరియాల గోదాము". డొమిషియన్ చక్రవర్తి కట్టించాడు. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి ఓడల్లో ఎర్రసముద్రం దాటి వచ్చినవి.

మన తీరం కూడా ఆ వ్యాపారంలో ఉంది. ఆ కాలపు గ్రీకు నావికుల పుస్తకం "పెరిప్లస్" మసాలియా అని చెప్పిన ప్రాంతం కృష్ణ సముద్రంలో కలిసే మన తీరమే. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని అందులో ఉంది. బదులుగా వచ్చిన రోమన్ నాణేలు నల్లగొండ, గుంటూరు జిల్లాల్లో తవ్వకాల్లోనూ, పొలాల్లోనూ బయటపడ్డాయి.

ఇలా డబ్బంతా బయటికి పోతోందని ప్లినీ అనే పండితుడు తెగ బాధపడ్డాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియా లాగేసుకుంటోందని లెక్క కట్టాడు. ముత్యాలు, పట్టుబట్టలు, పరిమళాల మీద ఇంత ఖర్చవడానికి విలాసాలూ, మన ఆడవాళ్ళూ కారణమని తేల్చేశాడు! మిరియాలు వేసిన వంటకం ఇంట్లో మగవాళ్ళు మాత్రం ముట్టుకోలేదు కాబోలు. నేను చదివి వినిపిస్తే మావారు, "నన్ను చూస్తావేం, నేను ప్లినీని కాదు" అన్నారు.

వంటిల్లు లేని ఇళ్ళు

ఇంతకీ వంటిల్లు? దాని జవాబు మాకు కాపిటోలిన్ కొండ కింద దొరికింది. విక్టర్ ఇమ్మాన్యుయేల్ తెల్లరాతి స్మారకం ఊళ్ళో ఎక్కడినుంచైనా కనిపిస్తుంది, దాన్ని చూడటానికి అందరూ వస్తారు. దాని పక్కన, రోడ్డు కన్నా బాగా పల్లంలో, ఇటుకల శిథిలం ఒకటుంది. మెట్ల పక్కనుంచి తొంగిచూస్తే కనిపిస్తుంది. అది రెండో శతాబ్దపు అపార్టుమెంటు.

సామాన్య జనం ఉన్నది ఇలాంటి వాటిలోనే. కింద దుకాణాలు, పైన నాలుగైదు అంతస్తులు. లిఫ్టు లేదు, పైకి నీళ్ళు రావు, అందుకని పైకి వెళ్ళేకొద్దీ గదులు ఇరుకు, అద్దె తక్కువ. డబ్బున్నవాళ్ళు కింద, పేదవాళ్ళు పైన. ఇప్పుడు మన నగరాల్లో పై అంతస్తుకి ఎక్కువ డబ్బు కడుతున్నాం కదా, దానికి పూర్తిగా తిరగేసి. కూలిపోతున్నాయని ఆగస్టస్ వీటి ఎత్తుని 70 అడుగులకి పరిమితం చేశాడు.

చాలా గదుల్లో వంటిల్లే లేదు! మహా అయితే ఒక చిన్న కుంపటి. చెక్క నేలల మీద కుంపటి అంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. క్రీ.శ. 64లో రాజుకున్న మంటలు ఆరు రోజులు కాలాయి. ఊళ్ళో ఉన్న 14 పేటల్లో మూడు పూర్తిగా బూడిదయ్యాయి, ఏడు చాలావరకు కాలిపోయాయి. మిగిలినవి నాలుగే. వేడి తిండి కావాలంటే వీధిలో కౌంటరు మీద జాడీలు పెట్టి అమ్మే పూటకూళ్ళ కొట్లే దిక్కు. మా అమ్మాయి "అంటే అందరూ కర్రీ పాయింటేనా!" అంది. అక్షరాలా అదే.

వాళ్ళకి తీరిక దొరికితే వెళ్ళే చోటు కొలోసియం. క్రీ.శ. 80లో తెరిచారు, సుమారు 50 వేలమంది పట్టేది. కిందివరసల్లో సెనేటర్లు, వాళ్ళ వెనక ధనవంతులు, ఆపైన సామాన్య పురుషులు, అందరికన్నా పైన ఆడవాళ్ళూ, బానిసలూ. వెస్టా కన్యలకి మాత్రం ముందువరస. అంత పైనుంచి ఏం కనిపించేదో! 2022లో దాని కింది మురుగుకాలువలు శుభ్రం చేస్తే అత్తిపళ్ళు, ద్రాక్ష, ఆలివ్ గింజలు, వాల్‌నట్ల మిగుళ్ళు బయటపడ్డాయి. సినిమాహాల్లో కుర్చీల కింద పల్లీ తొక్కలు గుర్తొచ్చాయి నాకు.

నూనె కొండ

నాలుగో రోజు మెట్రో బి లైన్లో పిరమిడే స్టేషన్ దగ్గర దిగి టెస్టాచో అనే పేటకి వెళ్ళాం. పర్యాటకులు తక్కువగా వెళ్ళే చోటు. అక్కడ 35 మీటర్ల ఎత్తున గడ్డి మొలిచిన గుట్ట ఒకటుంది. అది దేవుడు చేసిన కొండ కాదు. మొత్తం పగిలిన నూనె కుండలే!

దక్షిణ స్పెయిన్ నుంచి ఎక్కువగా, ఆఫ్రికా నుంచి కొంత, ఆలివ్ నూనె పెద్ద పెద్ద మట్టికుండల్లో వచ్చేది. ఒక్కో కుండ ఖాళీదే 30 కిలోలు, అందులో 70 కిలోల నూనె. మట్టి నూనె పీల్చుకుని కంపు కొడుతుంది కాబట్టి ఆ కుండ మళ్ళీ దేనికీ పనికిరాదు. నూనె జాడీ తోమినవాళ్ళకి తెలుసు ఆ కష్టం. అందుకని పగలగొట్టి, వరసగా పేర్చి, వాసన రాకుండా సున్నం చల్లేవారు. మూడొందల ఏళ్ళలో అది కొండయింది. కుండల మీద సిరాతో బరువు, వర్తకుడి పేరు, సంవత్సరం రాసి ఉండటంతో చరిత్రకారులకి ఇది పెద్ద లెక్కల పుస్తకం. ఏ ఏడు ఎక్కడినుంచి ఎంత నూనె వచ్చిందో చెబుతుంది.

ఇప్పుడు ఆ గుట్ట అడుగుని తొలిచి హోటళ్ళు పెట్టుకున్నారు. కొన్నిటిలో అద్దం వెనక ఆ పెంకుల వరసలు చూస్తూ భోజనం చెయ్యొచ్చు. ఇంపీరియల్ రోమ్ అని పాలరాతిలో చూసింది కన్నా ఈ పెంకుల్లో నాకు ఎక్కువ కనిపించింది. ఇది గెలుపుకి గుర్తుగా కట్టింది కాదు. లక్షల ఇళ్ళలో దీపాలు వెలిగి, కూరలు వండితే మిగిలింది.

కొత్త రోమ్

పాతది మాత్రమే చూసి రావడం నాకు నచ్చదు. టెస్టాచోకి దగ్గర్లోనే చెంత్రాలే మోంతెమార్తినీ అని ఒక మ్యూజియం ఉంది. 1912లో మొదలైన కరెంటు ఉత్పత్తి కేంద్రం అది. పెద్ద పెద్ద డీజిలు ఇంజన్లని అలాగే ఉంచి, వాటి మధ్య తెల్లటి పాలరాతి దేవతలని నిలబెట్టారు. నల్లటి యంత్రం ముందు వీనస్! మా అమ్మాయికి అన్నిటికన్నా నచ్చింది ఇదే.

శాన్ జొవాన్నీ మెట్రో స్టేషన్ 2018లో తెరిచారు. తవ్వకాల్లో దొరికినవన్నీ స్టేషన్‌లోనే పెట్టారు. దిగుతున్నకొద్దీ గోడల మీద కాలం వెనక్కి వెళ్తుంది. ఏ మెట్టు దగ్గర ఏ శతాబ్దమో రాసి ఉంటుంది. అక్కడ ఒకప్పుడు పొలం, దానికి పెద్ద నీటి తొట్టి. దొరికిన వస్తువుల్లో పీచ్ పళ్ళ గింజలు కూడా ఉన్నాయి. మెట్రో టికెట్టు కొంటే చాలు, చూడొచ్చు.

ఇరాక్‌లో పుట్టిన జహా హదీద్ రూపకల్పన చేసిన మాక్సీ మ్యూజియం 2010లో తెరిచారు. వంపులు తిరిగే కాంక్రీటు గోడలు, గాల్లో తేలే నల్లటి మెట్లు. కళాఖండాలు నాకు సగం అర్థం కాలేదు గానీ, ఇంతసేపూ పేర్లు వెతుక్కున్న ఊళ్ళో ఒక ఇంతటి భవనం కట్టిన మనిషిగా ఒక స్త్రీ పేరు వినడం బాగుంది.

వాటికన్, సిస్టీన్ చాపెల్ కూడా చూశాం. వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను మళ్ళీ రాయను.

పేరు లేని ఇల్లాలు

చివరి రోజు పొద్దున డయొక్లెషియన్ స్నానశాలల మ్యూజియంలో ఒక శాసనం ముక్కల ముందు ఆగాం. క్రీ.పూ. మొదటి శతాబ్దం చివరలో ఒక భర్త చనిపోయిన తన భార్య గురించి చెక్కించిన పొడవాటి శాసనం అది. ఆవిడ తల్లిదండ్రులు హత్యకి గురైతే హంతకులకి శిక్షపడేదాకా పోరాడింది. రాజకీయ కక్షల కాలంలో భర్త తలదాచుకుంటే ఒంటిమీది బంగారం, ముత్యాలు ఊడ్చి పంపింది. అతని ప్రాణం కోసం లెపిడస్ కాళ్ళమీద పడితే అక్కడ ఆవిడని ఈడ్చి దెబ్బలు కొట్టారు. పిల్లలు కలగకపోతే, నేను తప్పుకుంటాను, మరొకరిని చేసుకోమంది. ఆ మాటకి తనకి మతి పోయిందని, ససేమిరా అన్నానని భర్త రాసుకున్నాడు. నలభై ఒక్క ఏళ్ళ కాపురం.

ఇంత రాశాడు. శాసనం ముక్కలై, ఇద్దరి పేర్లూ ఉన్న భాగం దొరకలేదు. టురియా అని పండితులు పెట్టుకున్న పేరు కూడా ఊహే. ఆవిడ చేసినవన్నీ మిగిలాయి, పేరు ఒక్కటే పోయింది.

రొట్టె

సాయంత్రం ట్రామ్ ఎక్కి పోర్టా మజ్జోరే దగ్గరికి వెళ్ళాం. పెద్ద రాతి ద్వారం. క్రీ.శ. 52లో క్లాడియస్ చక్రవర్తి పూర్తిచేసిన రెండు నీటి కాలువలు ఒకదానిమీద ఒకటిగా దాని నెత్తిమీంచి వెళ్ళేవి. ఆ ద్వారం కాళ్ళ దగ్గర గుండ్రటి కన్నాలున్న వింత కట్టడం ఒకటుంది. అది యూరిసేసెస్ అనే రొట్టెలవాడి సమాధి.

దాని సంగతి చెప్పేముందు రోమ్ రేషన్ గురించి చెప్పాలి. క్రీ.పూ. 123లో గైయస్ గ్రాకస్ గోధుమలు చౌకధరకి ఇప్పించే చట్టం తెచ్చాడు. క్రీ.పూ. 58 నుంచి ఉచితం చేశారు. నెలకి మనిషికి సుమారు 33 కిలోలు. ఆగస్టస్ కాలంలో ఆ జాబితాలో దాదాపు రెండు లక్షల పేర్లుండేవి, అన్నీ పెద్దవాళ్ళయిన పురుష పౌరులవే. తినేది ఇల్లంతా, పేరు మాత్రం మగవాడిది. మన దేశంలో 2013 ఆహార భద్రత చట్టం, ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దావిడే రేషన్ కార్డుకి కుటుంబ పెద్ద అని చెప్పింది. మా అత్తగారి పేరు ఒక ప్రభుత్వ కాగితం మీద మొదటి వరసలో కనిపించేది ఆ ఒక్క కార్డు మీదే. దాన్ని ఆవిడ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి గూట్లో దాచుకున్నారు. అదెందుకో రెండువేల ఏళ్ళ నాటి జాబితా గురించి చదివాక నాకు బాగా తెలిసింది.

సరే, ఆ గోధుమలు రొట్టె అవ్వాలిగా. ఇళ్ళలో పొయ్యిలు లేవు, కాబట్టి ఊరంతా రొట్టెలవాళ్ళ మీద ఆధారపడింది. యూరిసేసెస్ ఆ వ్యాపారంలో బాగా సంపాదించాడు. బానిసగా ఉండి విడుదలైనవాడని భావిస్తారు. చనిపోయాక కూడా తన పనే కనపడాలనుకున్నాడు. సమాధి పైభాగాన చుట్టూ చెక్కించింది యుద్ధాలు కాదు. గోధుమలు తూచడం, గాడిదలతో తిరగలి తిప్పించడం, జల్లించడం, పిండి కలపడం, ఉండలు చెయ్యడం, పొయ్యిలో పెట్టడం. ఇంట్లో రోజూ చేసే పని అంత ఎత్తున రాతిలో చెక్కి ఉండటం నేను మరెక్కడా చూడలేదు.

ఆ సమాధి దగ్గరే ఒక స్త్రీ శాసనం దొరికింది. అతని భార్యేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆవిడ చాలా మంచిదని, ఆవిడ అస్థికలు ఈ రొట్టెల బుట్టలో ఉన్నాయని ఆ శాసనం చెబుతుంది. పేరు కూడా ఉంది. అటిస్టియా.

పైన నీళ్ళు పారిన కాలువ, కింద రొట్టెల సమాధి, మధ్యలోంచి ట్రామ్‌లు. మేం ముగ్గురం ఎదురుగా ఉన్న అరుగులాంటి రాయి మీద చీకటి పడేదాకా కూర్చున్నాం. "దొరికిందా మీ వంటిల్లు?" అన్నారు మావారు. "దొరికింది నాన్నా, ఊరంతా అదే" అంది మా అమ్మాయి.

ఇంటికొచ్చిన రోజు మా అత్తగారు కాఫీ ఇస్తూ, "ఏం చూశారే అంత దూరం వెళ్ళి?" అన్నారు. కొలోసియం ఫొటోలు చూపించాను, "ఊఁ" అన్నారు. రొట్టెలవాడి సమాధి గురించి, బుట్టలో అస్థికల గురించి చెబితే మాత్రం గ్లాసు పక్కన పెట్టి విన్నారు.

"ఆవిడ పేరు ఏమిటన్నావ్?"

"అటిస్టియా, అత్తయ్యా."

"అటిస్టియా" అని తనలో తాను ఇంకోసారి అనుకున్నారు. తర్వాత లేచి, దేవుడి గూటి దగ్గర దీపంలో నూనె తక్కువైందని పోయడానికి వెళ్ళారు.